నాలుగో గడి

12 ఆగస్టు 2025, మంగళవారం

వంటింటి లెక్కల పుస్తకం వంటింటికే. ఇది వేరే. కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. ఆయన అటు రారు, మా అమ్మాయి డయానాకు తెలుగు చదవడం రాదు.

డేనీ చివరి మెసేజ్ తొమ్మిదో తేదీ శనివారం, మన పెర్త్ టైము మధ్యాహ్నం 2.40కి. అక్కడ ఉదయం 9.40. "గోయింగ్ టు పొజిషన్ మమ్మీ. నో ఫోన్ ఫర్ టూ వీక్స్. డోంట్ వర్రీ" అని. వెంటనే "పఫర్ పెట్టుకున్నావా?" అని, ఆయాసానికి పీల్చే మందు గురించి, పంపాను. ఒక టిక్కే పడింది.

రెండు వారాలు అన్నాడు కాబట్టి ఇరవై మూడో తేదీ దాకా ఎదురుచూడకూడదు. ఇప్పటినుంచే లెక్కపెట్టడం నా తప్పు.

15 ఆగస్టు, శుక్రవారం

మరియమాత మోక్షారోపణ పండుగ. సాయంత్రం పూజకు వెళ్లాం. గుడి బయట కారు దగ్గర, మాతో తెలుగు పూజకు వచ్చే శ్యామసుందరి పట్టుకుంది.

"ఏం వదినా, డేనీ కనపడటం లేదు. ఇంకా మైన్‌లోనేనా?"

"అవునమ్మా."

"రెండు వారాలు పని, వారం సెలవు అన్నావు గదా. ఆ వారం కూడా ఇంటికి రాడా?"

"ఓవర్‌టైం చేస్తున్నాడు."

"పెళ్లికి తొందరపడుతున్నట్టున్నాడు! మా శ్రీకర్‌కి కూడా అక్కడ ఏదన్నా చూడమని చెప్పు వదినా. ఇంట్లో కూచుని గేములాడి ఆడి కళ్లు పోగొట్టుకుంటన్నాడు."

"చెబుతాను" అన్నాను. సత్ప్రసాదం తీసుకుని అరగంట కూడా కాలేదు.

మైన్‌లో, ఇనుప గనిలో పని అనేది మొదట డేనీ మాకు చెప్పిన అబద్ధం. ఫిబ్రవరి పదహారున పోర్ట్ హెడ్లాండ్ విమానం అని చెప్పి సంచి తగిలించుకుని వెళ్లాడు. సంచిలో పఫర్లు నేనే పెట్టాను. నీలం రెండు, గోధుమరంగు ఒకటి. ఏప్రిల్ 20, ఈస్టర్ రోజు వీడియోలో కనిపించాడు. తల గుండు చేయించుకున్నాడు. వెనకాల మట్టిగోడ. ఉక్రెయిన్‌లో ఉన్నానని, సైన్యంలో చేరానని చెప్పాడు. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయారు.

వాడు మాకు చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడు మేం అందరికీ చెబుతున్నాం.

18 ఆగస్టు, సోమవారం

వర్షం. బట్టలు గరాజ్‌లో ఆరేశాను.

ఓవెన్ గడియారం వాడి టైముకు, అయిదు గంటలు వెనక్కి పెట్టి నాలుగు నెలలైంది. ఆయన మొదట్లో "ఇది చెడిపోయినట్టుంది" అన్నారు. ఈమధ్య ఆయన కూడా పొద్దున్నే అటు చూసే బస్సు డిపోకు వెళుతున్నారు.

జూన్‌లో వాడి పుట్టినరోజుకు మాట్లాడినప్పుడు ఏం చేస్తుంటావురా అంటే "డిగ్గింగ్, మమ్మీ. జస్ట్ డిగ్గింగ్. ల్యాండ్‌స్కేపింగ్ జాబ్ అనుకో" అన్నాడు. కందకం తవ్వాలి, అది కూలితే మళ్లీ తవ్వాలి. పైన డ్రోన్లు తిరుగుతుంటాయి కాబట్టి పగలు తల బయట పెట్టరు. నీళ్ల సీసాలు కూడా డ్రోన్‌తోనే పడేస్తారట. ఆయన పక్కనుంచి "ఇంట్లో నిమ్మచెట్టుకు గుంట తవ్వరా అంటే వారం తిప్పావు. అక్కడ ఎవరు చెప్పినా తవ్వుతున్నావా?" అన్నారు. వాడు నవ్వాడు. ఏప్రిల్ తర్వాత తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం అదే మొదలు.

నాకు బాంబుల భయం కంటే ఆ చెమ్మ భయం ఎక్కువ. మట్టి వాసన, బూజు వాడికి పడవు. మే నెలలో పంపిన పఫర్ల పార్సిల్ ఇంకా అందలేదన్నాడు.

23 ఆగస్టు, శనివారం

రెండు వారాలు పూర్తయ్యాయి. ఫోన్ రాలేదు.

24 ఆగస్టు

ఫోన్ రాలేదు. ఆదివారం కదా.

25 ఆగస్టు

ఫోన్ రాలేదు.

28 ఆగస్టు, గురువారం

మధ్యాహ్నం మూడింటికి కీవ్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. సైన్యంలో కుటుంబాలతో మాట్లాడే ఉద్యోగమట. మంచి ఇంగ్లీషు, నెమ్మదిగా మాట్లాడింది. ఆగస్టు పదకొండు నుంచి డేనీ కనబడటం లేదు. వాడున్న కందకం అవతలివాళ్ల చేతికి పోయింది. వెనక్కి వచ్చినవాళ్లలో వాడు లేడు.

ఆయన డ్యూటీలో ఉన్నారు. డయానా యూనివర్సిటీలో ఉంది. ఆమె చెప్పినవన్నీ రాసుకుని, స్పెల్లింగులు అడిగి సరిచూసుకున్నాను. తర్వాత పప్పు పొయ్యి మీద ఉందని గుర్తొచ్చింది. మాడలేదు.

కనబడటం లేదంటే కనబడటం లేదు అనే. పట్టుబడి ఉండొచ్చు. పట్టుబడ్డవాళ్లకు ఫోన్ ఇవ్వరు.

7 సెప్టెంబరు, ఆదివారం

ఫాదర్స్ డే. డయానా వాళ్ల నాన్నకు దోసెలు వేసింది. అట్లకాడతో చించేసింది. ఆయన అన్నీ తిన్నారు. ఎవరూ నాలుగో కుర్చీ వైపు చూడలేదు.

చిన్నప్పటినుంచీ వాడిని భోజనానికి పిలిస్తే గదిలోంచి "వస్తున్నా" అనేవాడు. మిగతాదంతా ఇంగ్లీషే మాట్లాడినా ఆ ఒక్క మాట తెలుగులోనే వచ్చేది. "వీడు వస్తున్నా అన్నాడంటే ఇంకో అరగంట పడుతుందని అర్థం" అని ఆయన ఎగతాళి చేసేవారు. కూర రెండోసారి వెచ్చబెట్టేదాన్ని.

11 సెప్టెంబరు, గురువారం

ఆయన పోలీస్ స్టేషన్‌కు వెళ్లి డీఎన్ఏ పరీక్షకు ఇచ్చి వచ్చారు. దూదిపుల్లతో బుగ్గలోపల రాస్తారట. నన్నూ రమ్మన్నారు. నాకు జలుబుగా ఉంది. తండ్రిది ఒకటి చాలని చెప్పారట. ఫలితానికి నెలలు పడతాయట, అక్కడ అంతమంది ఉన్నారట.

నెలలు పట్టనీ.

2 అక్టోబరు, గురువారం

మళ్లీ కీవ్ ఆమె. ఈసారి ముగ్గురం ఉన్నాం. స్పీకర్ పెట్టాం.

రెండు దేశాలూ చనిపోయినవాళ్లను మార్చుకున్నాయట. వచ్చినవాళ్లలో పేరు లేని ఒకరికి ఎడమ కాలర్ బోన్‌లో లోహపు ప్లేటు, ఏడు స్క్రూలు ఉన్నాయి. ప్లేటు మీద నంబరు ఉంది. డేనీకి అలాంటి ఆపరేషన్ ఏదైనా జరిగిందా అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. డయానా "యెస్, ఫుటీ మ్యాచ్‌లో. హీ వాజ్ సిక్స్‌టీన్" అంది.

ఆపరేషన్ కాగితం మీద ఆ నంబరు ఉంటుంది, అది పంపితే ఒక్కరోజులో తేలిపోతుంది, లేకపోతే డీఎన్ఏ కోసం చాలాకాలం ఆగాలి అని ఆమె చెప్పింది.

"మమ్మీ దగ్గర ఉంటుంది" అంది డయానా. "షీ కీప్స్ ఎవ్రీథింగ్."

"వెతుకుతాను" అన్నాను.

3 అక్టోబరు

వెతికాను. బీరువా పై అర, ఫైళ్ల పెట్టె, మంచం కింద సూట్‌కేసు. దొరకలేదు.

4 అక్టోబరు

వెతికాను. డేనీ గది. అలమరలో కింది అరలో వాడి ఫుటీ బూట్లు, మట్టితో సహా. దొరకలేదు.

6 అక్టోబరు, సోమవారం

గరాజ్‌లో వెతికాను. క్రిస్మస్ పశువుల పాక పెట్టె మాత్రం తీయలేదు. బొమ్మలు గుడ్డల్లో చుట్టి ఉన్నాయి, డిసెంబరు దాకా దాన్ని కదిలించే పని లేదు.

దొరకలేదు.

డయానా హాస్పిటల్‌కు ఫోన్ చేసింది. పాత రికార్డులకు దరఖాస్తు పెట్టుకుంటే నలభై అయిదు రోజులట. పెట్టింది.

12 అక్టోబరు, ఆదివారం

తెలుగు పూజ. ఆత్మల పండుగ ఈ ఏడు నవంబరు రెండు, ఆదివారమే వచ్చింది. మృతుల పట్టిక పని మొదలుపెట్టాను. పూజ అయ్యాక అందరికీ చీటీలు పంచాను.

పన్నెండేళ్లుగా ఈ పట్టిక నేనే రాస్తున్నాను. అంతకు ముందు ఎవరికి తోచిన కాగితం వాళ్లు ఫాదర్ గారి చేతికి ఇచ్చేవాళ్లు. ఒకరి పేరు రెండుసార్లు చదివేవారు, ఒకరిది వదిలేసేవారు. నేను నాలుగు గళ్లు గీశాను. జ్ఞానస్నానం పేరు, ఊరు, చనిపోయిన తేదీ, సమాధి ఎక్కడ. నాలుగూ నిండనిదే చీటీ తీసుకోను. నాలుగో గడి ఎందుకని మొదట్లో కొందరు గొణిగారు. ఇండియా వెళ్లినప్పుడు ఫాదర్ గారు దారిలో ఉన్న సమాధుల దగ్గర ప్రార్థన చేసి వస్తారు కదా, అందుకని చెప్పాను.

విద్యావతి ఆంటీ ఎప్పటిలాగే తమ్ముడి చీటీలో నాలుగో గడి ఖాళీగా ఇచ్చింది. నేనూ ఎప్పటిలాగే అడిగాను.

"ప్రతి ఏడూ అడుగుతావేంది అమ్మాయ్? నాకు తెలిస్తే రాయనా?" అంది.

ప్రతి ఏడూ నేను ఆ గడిలో పెన్సిలుతో "తెలియదు" అని రాసుకుంటాను. పట్టికలో ఆ ఒక్క పెన్సిలు మాట నా కంటికి నలుసులా ఉంటుంది.

16 అక్టోబరు, గురువారం

పొద్దున ఆయన యూనిఫాం వేసుకుని టీ తాగుతున్నారు. నేను లంచ్ డబ్బా సర్దుతున్నాను.

"దొరికిందా?" అన్నారు.

"లేదండీ. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయుంటుంది."

ఆయన కప్పు కడిగి బోర్లించారు. ఎప్పుడూ కడగరు.

"పదిహేడేళ్లయింది ఈ దేశం వచ్చి. మూడిళ్లు మారాం. ఈ కొంపలో ఒక్క సూదన్నా పోయిందా వసంతా?"

నేను డబ్బా మూత పెట్టాను. సరిగ్గా పడలేదు. మళ్లీ పెట్టాను.

"నేను అడగను. నువ్వే చెప్పు. కానీ వాడు అక్కడ ఏదో నంబరు కింద పడున్నాడు. అది కూడా ఆలోచించు" అని వెళ్లిపోయారు.

వాడు కాదేమో. కాలర్ బోన్ విరిగినవాళ్లు ప్రపంచంలో ఎంతమంది లేరు. ఎడమవైపు, ఏడు స్క్రూలు.

లంచ్ డబ్బా ఇక్కడే మర్చిపోయి వెళ్లారు.

19 అక్టోబరు, ఆదివారం

మధ్యాహ్నం విద్యావతి ఆంటీ ఇంటికి వెళ్లాను, చీటీ పూర్తి చేయించుకు వస్తానని ఇంట్లో చెప్పి. నిజానికి ఎందుకు వెళ్లానో తెలియదు. ఆమె కొడుకు ఇల్లు మా హారిస్‌డేల్ ఎస్టేట్‌లోనే, పార్కు అవతల. ఆమె పెరట్లో కుర్చీ వేసుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనూ కూర్చుని తీశాను.

"ఆంటీ, మీ తమ్ముడి సమాధి గురించి ఊళ్లో ఎవరికైనా తెలుస్తుందేమో, ఫోన్ చేసి కనుక్కుంటే..."

"ఉప్పెనలో పోయినోడికి సమాధేంది అమ్మాయ్?"

తమ్ముడు ఎలా పోయాడో పన్నెండేళ్లలో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. నేను గళ్లే అడిగాను. తేదీ 19 నవంబరు 1977 అని ఏటేటా రాస్తూ కూడా, ఊరు దివిసీమ అని రాస్తూ కూడా, రెండూ కలిపి ఆలోచించలేదు.

పేరు శౌరి. పందొమ్మిదేళ్లు. గేదెను విప్పడానికి వెళ్లి నీళ్లలో కలిసిపోయాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. ఎక్కడో కొట్టుకుపోయి బతికే ఉంటాడు, మతి తప్పి ఉంటుంది, వస్తాడు అనేది. రోజూ కంచం పెట్టేది.

"ఫాదర్ గారు వచ్చి, ఆ పిల్లాడి పేరున ఒక పూజ చేయిద్దామమ్మా అంటే మా అమ్మ చీపురు తీసుకుంది. బతికున్నోడికి చచ్చినోళ్ల పూజ చేస్తావా అని. ఎవర్నీ చేయనియ్యలా. పదకొండేళ్లు అమ్మాయ్. అమ్మ పోయినాకే నేను మొదటి పూజ చేయించా."

ఆమె తొడిమలు పక్కకు ఊడ్చింది.

"ఉత్తరించు స్థలంలో ఆత్మలు మన ప్రార్థన కోసం దప్పికతో చూస్తుంటాయంటారు గదా. పదకొండేళ్లు మావోణ్ణి అట్టా నిలబెట్టాం. అమ్మ ప్రేమతోనే చేసింది. కాదన్ను. కానీ కంచం పెట్టింది గానీ గుక్కెడు నీళ్లు పోయలా."

నా కళ్లు మండాయి. మిరపకాయల వల్ల.

లేచి వస్తుంటే చెయ్యి పట్టుకుంది. "మీవోడు మైన్‌లో లేడని నాకు తెలుసులే. మా మనవడు ఫోన్‌లో మిలిట్రీ బట్టల్లో ఫోటో చూపించాడు. ఎవరితో అన్లా" అంది.

20 అక్టోబరు, సోమవారం

ఇద్దరూ వెళ్లాక గరాజ్‌లో పాక పెట్టె దించాను. గొర్రెల కాపరుల కింద, గడ్డి కవరు కింద డేనీ పుస్తకం ఉంది. అక్టోబరు రెండున, ఆయన ఇంకా ఫోన్‌లో కీవ్ ఆమె చెప్పింది రాసుకుంటుండగానే నేను వెళ్లి పెట్టాను. వెతకడం అంతా ఆ తర్వాతే. ఇది ఇక్కడైనా ఉన్నది ఉన్నట్టు రాయాలి.

గుంటూరులో కొన్న రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. అట్ట మీద "డేనీ – ఆరోగ్యం". గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని మొదటినుంచీ చదివాను. కొన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

4-6-2003. గుంటూరు. మగబిడ్డ. 2 కిలోల 900. ఏడవడానికి ఒక నిమిషం పట్టింది.

11-1-2004. మొదటి పన్ను, కింద. నా వేలు కొరికాడు.

23-3-2008. పెర్త్ చేరాం. విమానంలో రెండుసార్లు వాంతి. ఇంటికి ఎప్పుడు వెళతాం అని అడిగాడు.

9-5-2009. మొదటిసారి ఆయాసం. "ఊపిరి ఆడట్లేదమ్మా" అన్నాడు.

30-8-2011. ఆయాసం, ఆ ఏడు ఆరోది. "కాంట్ బ్రీత్" అన్నాడు. పక్కన చిన్నగా రాసుకున్నాను, ఇంగ్లీషులో చెప్పడం ఇదే మొదటిసారి అని.

14-2-2014. చెల్లి పుస్తకంలో పేజీ చించాడని కొట్టాను. అన్నం తినలేదు. ఇది ఆరోగ్యం కాదు, ఎందుకు రాశానో.

17-8-2019. ఫుటీ. ఎడమ కాలర్ బోన్. 19న ఆపరేషన్. ప్లేటు, ఏడు స్క్రూలు. కింద హాస్పిటల్ ఇచ్చిన స్టిక్కర్, నంబరుతో. నాలుగు వైపులా గమ్ పెట్టి అంటించాను, అంచు కూడా లేవలేదు. మత్తులోంచి లేచి వాడు అన్న మొదటి మాట "డిడ్ వీ విన్?"

2-11-2020. ఆయాసం. మొత్తం నలభై ఒకటి. ఇదే ఆఖరు.

14-3-2023. సైన్యంలో చేరడానికి వైద్య పరీక్ష.

ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉన్నాను. ఇక్కడి సైన్యంలో చేరతానని వాడు పదిహేనేళ్లప్పటి నుంచీ అంటున్నాడు. ఫారంలో ఆయాసం గురించి అడిగారు. "చిన్నప్పుడు కొంచెం అని రాస్తా మమ్మీ" అన్నాడు. కొంచెం ఏమిటి, నలభై ఒక్కసార్లు, ఉన్నది ఉన్నట్టు రాయాలి అని ఈ పుస్తకంలోంచి నేనే తేదీలన్నీ ఇంగ్లీషులో ఎత్తి రాసిచ్చాను. రెండు పేజీలు, గీతలు గీసి. వాళ్లు తీసుకోలేదు.

వాడు నా మీద అరవలేదు. ఆ కాగితాలు తిరిగి నాకే ఇచ్చి "యూ రోట్ ఎవ్రీథింగ్, మమ్మీ" అన్నాడు, అంతే. ఆ ఆదివారం నేను గుడిలో కొవ్వొత్తి వెలిగించాను, నా కొడుకుని తప్పించావని. దేవుడి దయ అనుకున్నాను గానీ అప్పటికే నా రాతే తప్పించిందని నాకు తెలుసు. ఆ రాత వాడిని ఆయాసం గురించి ఎవరూ అడగని చోటికి పంపింది.

ఇప్పుడు మళ్లీ నా పుస్తకమే అడిగారు. ఒకసారి ఇచ్చాను, పోయాడు. ఈసారి ఇవ్వకపోతే పోడు అనుకున్నాను. అలా అనుకున్నానని ఇప్పుడే, రాస్తుంటేనే తెలిసింది.

పదకొండేళ్లు.

21 అక్టోబరు, మంగళవారం

పొద్దున టీ ఇచ్చి, పక్కన పుస్తకం పెట్టాను, ఆ పేజీ తీసి. ఆయన ఎక్కడ దొరికిందని అడగలేదు. అట్టకు అంటుకున్న గడ్డిపరకను రెండు వేళ్లతో తీసి జేబులో వేసుకున్నారు.

డయానా ఫోటో తీసింది. మొదటిది మసకగా వచ్చింది. "మళ్లీ తియ్యి, నంబరు స్పష్టంగా రావాలి" అన్నాను.

"ఆర్ యూ షూర్, మమ్మీ?"

"పంపు."

8.10కి పంపింది. ఓవెన్‌లో 3.10. ఆమె నిద్రపోతుంటుంది.

24 అక్టోబరు, శుక్రవారం

నంబరు కలిసింది.

26 అక్టోబరు, ఆదివారం

అక్కడ ఈ రోజు గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆరు గంటల తేడా. ఓవెన్‌ది సరిచేయబోయి ఆగాను. ఇంకా వాడు అక్కడే ఉన్నాడు కదా. సరిచేశాను.

28 అక్టోబరు, మంగళవారం

డేనీతో పాటు ఆ కందకంలో ఉన్న న్యూజిలాండ్ అతను వీడియోలో మాట్లాడాడు. చేతికి కట్టు ఉంది. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో మాట్లాడే స్థితిలో లేడట. ఆయన, నేను, డయానా సోఫాలో వరసగా కూర్చున్నాం.

ఆగస్టు పదకొండు ఉదయం. ముందు రోజే నీళ్లు అయిపోయాయి. డ్రోన్ వేసిన సీసాల మూట కందకం అంచుకు అవతల పడింది. ఈ రోజు వంతు నాది అని డేనీ వెళ్లాడు. వంతుల పట్టీ రాసింది వాడే. మూటను లోపలికి తోశాడు. వాడు రాలేకపోయాడు. ఎక్కువసేపు బాధపడలేదని అతను రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నా వైపు చూసి చెప్పలేదు.

"అక్కడ వాడిని ఏమని పిలిచేవారు?" అని ఆయన అడిగారు. అందరికీ ఒక మారుపేరు ఉంటుందట.

"క్లర్క్" అన్నాడతను. డేనీ దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉండేదట. నీళ్లు ఎన్ని సీసాలు, బ్యాటరీలు ఎన్ని, ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు, రోజూ తేదీ వేసి గళ్లు గీసి రాసేవాడు. నవ్వేవాళ్లట. ఆఖరి రెండు రోజులూ అదే లేకపోతే నీళ్ల కోసం కొట్టుకునేవాళ్లం అన్నాడు.

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"వాడికి ఆయాసం వచ్చేదా?" అని అడిగాను.

అతనికి మొదట అర్థం కాలేదు. తర్వాత, "లేదు, ఒక్కసారి కూడా రాలేదు. నీలం పఫర్ ఒకటి ఉండేది. దగ్గు వచ్చిన ఇంకొకతనికి ఇచ్చేశాడు" అన్నాడు.

నోటుపుస్తకం దొరికిందట. దాన్నీ వాడితోనే పంపుతారు. నాలుగు వారాలు పట్టొచ్చు.

1 నవంబరు, శనివారం

పట్టిక శుభ్రంగా ఎత్తి రాశాను. ఎప్పటిలా తేదీల వరసలో, పాతవి ముందు. మొత్తం డెబ్భై ఒకటి.

విద్యావతి ఆంటీ తమ్ముడు శౌరి దగ్గర పెన్సిలు మాట చెరిపేశాను. నాలుగో గడిలో పెన్నుతో "సముద్రం" అని రాశాను. ఇన్నేళ్లూ ఎందుకు తోచలేదో. ఆమెకు తెలుసు. నా గడికే తెలియలేదు.

డెబ్భై ఒకటో వరస మూడు గళ్లు నింపాను. నాలుగోది రేపు.

2 నవంబరు, ఆదివారం

ఆత్మల పండుగ. ఫాదర్ గారు పేర్లు చదివారు. నేను నకలు ఒళ్లో పెట్టుకుని ఏటా పెట్టినట్టే పెన్సిలుతో టిక్కు పెడుతూ వచ్చాను. శౌరి పేరు వచ్చినప్పుడు ముందు వరసలో ఆంటీ ముసుగు సర్దుకుంది. చివర "దానియేలు" అని చదివారు. ఎవరూ తల తిప్పలేదు. వాడికి ఆ పేరుందని ఎవరికి తెలుసు. జ్ఞానస్నానం రోజు ఒక్కసారి పిలిచారు, ఇవాళ రెండోసారి. ఆయన తల వంచారు. డయానా నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని తనే టిక్కు పెట్టింది.

బయటకు వచ్చాక శ్యామసుందరి ప్రసాదం పళ్లెంతో ఎదురొచ్చింది.

"ఈసారి ఒక్క పేరు కూడా తప్పిపోలేదు వదినా, నువ్వు రాస్తే అంతే. అవునూ, ఆఖర్న చదివారే, దానియేలు అని, ఎవరాయన? కొత్తగా వచ్చినోళ్ల నాన్నా?"

"మా డేనీ" అన్నాను.

ఆమె నవ్వబోయింది. నా వెనక ఆయన ముఖం చూసినట్టుంది. పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, నేల మీద పెట్టి, వచ్చి నన్ను పట్టుకుంది. "మైన్ అన్నావు గదే! మైన్ అన్నావు గదే!" అంటూనే ఉంది. నేను ఆమె వీపు నిమిరాను.

ఇంటికి వచ్చి అన్నం వండాను. ముగ్గురం తిన్నాం. ఆయన బల్ల సర్దారు. నేను పట్టిక అసలు కాపీ తీసుకుని కూర్చున్నాను. ఫైల్లో పెట్టేముందు అన్ని గళ్లూ నిండాలి. ఆయన వెనక నిలబడి చూస్తున్నారు.

71. దానియేలు. ఊరు: ఫిరంగిపురం, హారిస్‌డేల్. తేదీ: 11 ఆగస్టు 2025. సమాధి ఎక్కడ:

పెన్నుతోనే రాశాను.

వస్తున్నాడు.